రోమోనా, ప్రెస్కాటా? జనవరిలో వెనకబడితే ఎవరిని దింపాలి?

ఇర్వింగ్ పాత అభిమాని | 15 నవంబరు 2016

ఈ రోజు ఫ్రిస్కోలో టోనీ రోమో కాగితం చూసి చదివిన మాటలు మీలో చాలామంది వినే ఉంటారు. వినని వారి కోసం రెండు ముక్కల్లో చెబుతాను. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డల్లాస్ కౌబాయ్స్‌లో క్వార్టర్‌బ్యాక్ (పాసులు వేస్తూ ఆటను నడిపించేవాడు) స్థానం ఇక డ్యాక్ ప్రెస్కాట్‌దేనని, ఆ హక్కును అతడు ఆడి సంపాదించుకున్నాడని, ఈ మాట చెప్పడం తనకు ఎంత కష్టమైనా నిజం అదేనని అన్నారు. ప్రశ్నలు తీసుకోలేదు. ఐదారు నిమిషాలు చదివి వెళ్లిపోయారు.

నేను ఇర్వింగ్‌కు వచ్చింది 2006లో. అప్పట్లో ఆటలన్నీ ఇక్కడి టెక్సాస్ స్టేడియంలోనే జరిగేవి. నాకు ఈ ఆట ఓనమాలు కూడా తెలియవు. ఆ అక్టోబరు 23, సోమవారం రాత్రి, న్యూయార్క్ జెయింట్స్‌తో ఆట సగమయ్యాక అప్పటి క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్సోను కూర్చోబెట్టి రోమో అనే కుర్రాడిని దింపారు. 2003 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఏ జట్టూ ఎంచుకోని ఆటగాడు. అతడు వేసిన మొదటి పాసే ప్రత్యర్థి చేతిలో పడింది. ఆ రాత్రి 36-22తో ఓడిపోయాం. అయినా కోచ్ వెనక్కి తగ్గలేదు. వారం తిరిగేసరికి అదే కుర్రాడితో కరోలినాపై 35-14తో గెలిచారు. ఆ తర్వాత పదేళ్లు మా ఇంట్లో ఆదివారం అంటే రోమోయే.

మొన్న ఆగస్టు 25న సియాటిల్‌లో జరిగింది సన్నాహక పోటీ మాత్రమే. బంతితో పరుగెత్తుతున్న ఆయనను క్లిఫ్ ఏవ్రిల్ వెనక నుంచి పట్టి కిందికి లాగాడు. ఆ బరువుకు నడుము ముందుకు ముడుచుకుపోయింది. మోకాళ్ల మీద ఉండి, ఒక చెయ్యి వీపుకు ఆనించుకున్న ఆ దృశ్యం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. వెన్నుపూస విరిగిందని తర్వాత తెలిసింది. అప్పటికే వీపుకు రెండు శస్త్రచికిత్సలు జరిగిన మనిషి.

అందుకే ఇది రాస్తుంటే నాకు మనసు బాగాలేదు. అయినా ఒప్పుకుంటున్నాను, నిర్ణయం సరైనదే. మొదటి ఆట జెయింట్స్‌కు 20-19తో పోయాక వరుసగా ఎనిమిది గెలిచిన జట్టును కదిలించడం తప్పు. వాదన అక్కడ లేదు. నా ప్రశ్న ఒక్కటే. జనవరిలో, ప్లేఆఫ్స్‌లో (ఓడితే ఇంటికే అనే పోటీలు), రెండో సగానికి రెండు టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటిస్తే ఒకటి, ఆరు పాయింట్లు) వెనకబడి ఉన్నామనుకోండి. అప్పుడు కూడా ప్రెస్కాట్‌నే ఉంచాలా, రోమోను దింపాలా? దింపాలనే నా అభిప్రాయం. వెనకబడినప్పుడు ఎలా ఆడాలో ఆయనకు తెలిసినంతగా ఈ కుర్రాడికి ఇంకా తెలియదు.

ఫ్రిస్కో లెక్కలవాడు | 15 నవంబరు 2016

మీ బాధ అర్థమైంది కానీ చివరి వాక్యం ఒప్పుకోలేను. "ఇంకా తెలియదు" అని ఎలా అంటున్నారు? అక్టోబరు 30న ఫిలడెల్ఫియా ఈగల్స్‌తో ఆట గుర్తు చేసుకోండి. ప్రెస్కాట్ ఆడిన వాటిలో అతి పేలవమైన ఆట అది. 39 పాసుల్లో 19 మాత్రమే చేరాయి. గోల్ దగ్గరకు తెచ్చి ఒకటి ప్రత్యర్థికి ఇచ్చేశాడు. చివరి క్వార్టరు మొదలయ్యేసరికి పది పాయింట్లు వెనక. అక్కడి నుంచి సమం చేసి, అదనపు సమయంలో జేసన్ విట్టెన్‌కు పాస్ వేసి 29-23తో గెలిపించాడు. చేయి ఆడని రోజున కూడా చేతులెత్తేయలేదు.

ఇంకొకటి. ఆట జీవితం మొదలుపెట్టిన క్వార్టర్‌బ్యాక్ తొలి ఇంటర్సెప్షన్‌కు (ప్రత్యర్థి పట్టేసే పాస్) ముందు వేసిన పాసుల రికార్డు అప్పటిదాకా న్యూ ఇంగ్లండ్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీది, 162. ప్రెస్కాట్ 176 వేశాడు. తొమ్మిది ఆటల్లో పోగొట్టుకున్న పాసులు రెండే. డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండులో, 135వ ఎంపికగా వచ్చినవాడు! మనవాళ్లు ముందు కోరుకున్నది వేరే ఇద్దరిని. వాళ్లు దక్కకపోతే ఇతడిని తీసుకున్నారు.

ప్లానో రోమో పక్షం | 16 నవంబరు 2016

లెక్కలవాడు గారూ, లెక్కలు నేనూ చెబుతాను. గత ఏడాది 4-12, అంటే నాలుగు గెలుపులు, పన్నెండు ఓటములు. అందులో రోమో ఆడినవి నాలుగు, మూడు గెలిచాం. ఆయన లేనివి పన్నెండు, గెలిచింది ఒక్కటి. ఒక్కటే! జట్టుకు ప్రాణం ఎవరో ఇంతకన్నా తేటగా ఎవరు చెప్పాలి? 2014లో 34 టచ్‌డౌన్లు, 9 ఇంటర్సెప్షన్లు, లీగ్ మొత్తంలో పాసులకు అత్యుత్తమ రేటింగ్, 12-4. గ్రీన్ బేలో మన రిసీవరు (పాసులు అందుకునేవాడు) డెజ్ బ్రయంట్ పట్టిన బంతిని పట్టలేదని తేల్చకపోతే ఆ ఏడాది ఎక్కడిదాకా వెళ్లేవాళ్లమో!

గాయపడటం నేరమా? సెప్టెంబరులో కాన్పూర్‌లో గాయపడిన కె.ఎల్. రాహుల్‌ను ఇప్పుడు విశాఖ టెస్టుకు వెనక్కి పిలిచారు. గాయంతో వెళ్లినవాడికి అతని చోటు అతనికి ఇవ్వడం న్యాయం. ఆడి ఓడిపోతే తీసేయండి, ఆసుపత్రికి వెళ్లాడని తీసేయడం ఏమిటి? జట్టు యజమాని జెర్రీ జోన్స్ కూడా సీజన్ మొదట్లో రోమో కోలుకుంటే స్థానం ఆయనదే అన్న ధోరణిలోనే మాట్లాడారు. గెలుపులు పెరిగేకొద్దీ ఆ మాట పలచబడుతూ వచ్చింది. 2013లో ఆరేళ్లకు 10.8 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చింది పక్కన నిలబెట్టడానికా?

హైదరాబాద్ నుంచి | 16 నవంబరు 2016

ప్లానో అన్నయ్యా, క్రికెట్ పోలిక ఇక్కడ సరిపోదని నా అభిప్రాయం. అక్కడ బ్యాట్స్‌మన్ చోట్లు ఆరున్నాయి, ఒకరిని సర్దవచ్చు. ఇక్కడ బంతి ప్రతిసారీ ఒక్కడి చేతికే వస్తుంది.

మీ 2015 లెక్కలోనే మీకు జవాబుంది. టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్, డగ్ ఫ్రీ, అంటే క్వార్టర్‌బ్యాక్‌కు గోడలా ముందు నిలబడే లైన్ ఆటగాళ్లు, గత ఏడాదీ ఉన్నారు. అదే గోడ వెనక ఆడి ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు కలిసి ఒక్క ఆట గెలిచారు. అంటే "లైన్ బాగుంది కాబట్టి ఎవరైనా గెలుస్తారు" అన్న మాట తప్పు. ఈ కుర్రాడిలో ఏదో ఉంది.

మొన్న పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌తో ఆట కోసం సోమవారం తెల్లవారుజామున మూడింటికి లేచాను. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు, శబ్దం లేకుండా చూశాను. 42 సెకన్లు ఉందనగా వాళ్ల క్వార్టర్‌బ్యాక్ రాత్లిస్‌బర్గర్ గడియారం ఆపడానికి బంతిని నేలకు కొడుతున్నట్టు నటించి ఆంటోనియో బ్రౌన్‌కు టచ్‌డౌన్ వేసినప్పుడు అయిపోయిందనుకున్నాను. ప్రెస్కాట్ ముఖం మారలేదు. రెండు మూడు పాసులు, ఆ తర్వాత లైన్ మధ్యలో దారి తెరుచుకుంది, బంతితో పరుగెత్తే ఎజికీల్ ఎలియట్ 32 గజాలు ఎవరి చెయ్యీ తగలకుండా వెళ్లిపోయాడు. తొమ్మిది సెకన్లు మిగిలాయి, 35-30. అరవకూడదని నోటికి దుప్పటి అడ్డం పెట్టుకున్నాను.

కానీ ఆ ఆటలోనే నాకు భయం వేసింది. రాత్లిస్‌బర్గర్ 46 పాసుల్లో 37 చేర్చాడు, 408 గజాలు. అతని మీదికి మనవాళ్లు చేరలేకపోతున్నారు. జనవరిలో గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ లాంటివాడు వస్తే?

న్యూజెర్సీ జెయింట్స్ అభిమాని | 16 నవంబరు 2016

పక్క జట్టువాడిని, ఒక్క మాట. ఎదురుగా రోమో ఉంటే మాకు నిద్ర పట్టేది కాదు. బంతి అందుకునే ముందు మా డిఫెన్స్ ఎలా నిలబడిందో చూసి, అనుకున్న ఎత్తుగడను అక్కడికక్కడే మార్చేసేవాడు. ప్రెస్కాట్‌ను సెప్టెంబరులో మేం ఓడించాం, డిసెంబరులో మళ్లీ చూస్తాం. ఇక ఎలియట్‌ను ఆపగలిగితే ప్రెస్కాట్ మామూలు ఆటగాడే అని మా నమ్మకం.

ఫ్రిస్కో తండ్రి | 16 నవంబరు 2016

నేను ఆట ఆడినవాడిని కాదు. మా అబ్బాయి హైస్కూలు జట్టులో రెండో క్వార్టర్‌బ్యాక్, వాడివల్ల కొంత తెలిసింది. ఇర్వింగ్ గారి అసలు ప్రశ్నకు వస్తాను.

సాధనలో మొదటివాడికి బంతి పదిసార్లు అందితే రెండోవాడికి ఒకటి రెండుసార్లు అందుతుంది. ఎవరికీ పక్షపాతం లేదు, సమయం అంతే ఉంటుంది. రిసీవరు ఎన్నో అడుగులో మలుపు తిరుగుతాడో, ఎప్పుడు తల తిప్పుతాడో తెలియాలి. అతడు తల తిప్పేసరికి బంతి గాలిలో ఉండాలి. చూసి వేస్తే ఆలస్యమైపోతుంది. ఆ లెక్క కలిసి ఆడితేనే ఒంటికి పడుతుంది. రోమో ఆగస్టు నుంచి ఆటలో లేరు. ఇప్పుడు సాధనలో కూడా రెండోవారే. అలాంటి మనిషిని ప్లేఆఫ్స్ నడిమధ్య, గోల చేస్తున్న స్టేడియంలో దింపితే ఆయనకూ అన్యాయమే.

శుక్రవారం రాత్రి దీపాల కింద మా వాడు టోపీ పెట్టుకుని మైదానం గీత పక్కన నిలబడి, కోచ్ చెప్పిన ఆటను చేతి సైగలతో లోపలికి పంపుతుంటాడు. ఆట ముగిశాక వాడి తెల్ల ప్యాంటు మీద ఒక్క గడ్డి మరక ఉండదు. అయినా వాళ్లమ్మ మిగతా బట్టలతో పాటు దాన్నీ ఉతికి ఆరేస్తుంది. రోమో నిన్న తన చిన్నప్పటి మాటలు చెబుతుంటే మా వాడు ఫోను పక్కన పెట్టి మొత్తం విన్నాడు. ఆ పిల్లవాడి ముఖం చూశాక నేను ఇక ఏ పక్షమూ మాట్లాడలేను. ఆటవరకు మాత్రం ప్రెస్కాట్‌నే చివరిదాకా ఉంచాలి. గాయపడితే తప్ప మార్చకూడదు.

ఇర్వింగ్ పాత అభిమాని | 16 నవంబరు 2016

తండ్రి గారూ, మీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. కానీ 2002 జనవరి కూడా గుర్తుంచుకోండి. న్యూ ఇంగ్లండ్‌లో బ్లెడ్సో అంతకుముందు సెప్టెంబరులో గాయపడితే బ్రేడీ వచ్చి స్థానం తీసుకున్నాడు. పిట్స్‌బర్గ్‌లో కాన్ఫరెన్స్ ఫైనల్లో బ్రేడీ చీలమండ దెబ్బతింది. నాలుగు నెలలు ఆడని బ్లెడ్సో వచ్చీ రాగానే టచ్‌డౌన్ వేసి 24-17తో గట్టెక్కించాడు. ఆ తర్వాత సూపర్ బౌల్లో, అంటే లీగ్ ఫైనల్లో, మళ్లీ బ్రేడీయే ఆడాడు. అనుభవం ఎక్కడికీ పోదు. అదే బ్లెడ్సో చోటులోకి 2006లో రోమో వచ్చారు, ఇప్పుడు రోమో చోటులోకి ప్రెస్కాట్. జనవరిలో వెనకబడితే నేను రోమో కోసం గీత పక్కకే చూస్తాను. నా మాట మార్చుకోను.

ప్లానో రోమో పక్షం | 2 జనవరి 2017

నిన్న ఫిలడెల్ఫియాలో రోమో ఒక్క సిరీస్ (బంతి మన చేతిలో ఉన్న ఒక విడత) ఆడారు. 81 గజాలు నడిపించి టెరెన్స్ విలియమ్స్‌కు టచ్‌డౌన్ వేశారు, తర్వాత కూర్చోబెట్టారు. ఆయన చెయ్యి అలాగే ఉంది. నేను ఇంకేమీ అనను. 13-3తో ముగించాం. చివరి ఆటలో ప్రధాన ఆటగాళ్లకు విశ్రాంతి ఇచ్చారు కాబట్టి దాన్ని వదిలేస్తే, మిగతా రెండు ఓటములూ జెయింట్స్ చేతిలోనే. న్యూజెర్సీ గారి జోస్యంలో సగం ఫలించింది.

ఇర్వింగ్ పాత అభిమాని | 16 జనవరి 2017

నిన్న ఆర్లింగ్టన్‌లో, పై వరుసల్లో కూర్చుని చూశాను. నవంబరులో నేను ఊహించి అడిగిన పరిస్థితి అచ్చంగా వచ్చింది. రెండో క్వార్టర్లో గ్రీన్ బే 21-3 ముందుంది. నా పక్కన ఎవరో రోమో పేరు అరిచారు. నేను గీత పక్కకు చూస్తానన్నాను కదా, చూడలేదు. చూడాలనిపించలేదు. ఆ కుర్రాడు డెజ్‌కు 40 గజాల టచ్‌డౌన్ వేశాడు. మూడో క్వార్టర్లో మళ్లీ 28-13. చివరికి డెజ్‌కు ఇంకొకటి వేసి, టచ్‌డౌన్ తర్వాత దొరికే అదనపు రెండు పాయింట్ల కోసం తనే బంతితో దూసుకెళ్లి 28-28 చేశాడు. 302 గజాలు, మూడు టచ్‌డౌన్లు. నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక్కటి మాత్రం రాత్రంతా తొలిచింది. 31-28తో వెనకబడి, గ్రీన్ బే వైపు 40 గజాల దాకా వచ్చాం. ఇంకా యాభై సెకన్ల దాకా ఉన్నాయి, ఒక టైమవుట్ చేతిలో ఉంది. అలాంటప్పుడు పది గజాలకు దొరికే నాలుగు ప్రయత్నాల్లో మొదటిదాన్నే బంతి నేలకు కొట్టి గడియారం ఆపేశారు. ఒక ప్రయత్నం వృథా, పైగా రాడ్జర్స్‌కు సమయం మిగిలింది. మన కిక్కర్ డాన్ బెయిలీ 52 గజాల నుంచి గోల్ కొట్టి సమం చేసేసరికి ఇంకా 35 సెకన్లున్నాయి. ఆ సెకన్లలోనే రాడ్జర్స్ పని ముగించాడు. పదేళ్లు ఆడినవాడు అయితే ఆ బంతిని నేలకు కొట్టేవాడా అని అడగాలనిపిస్తుంది. ఆ నిర్ణయం మైదానంలోంచి వచ్చిందా, కోచ్ దగ్గర నుంచి వచ్చిందా అన్నదీ చూడాలి.

హైదరాబాద్ నుంచి | 16 జనవరి 2017

బంతి నేలకు కొట్టడం సరే అన్నయ్యా, మూడో ప్రయత్నంలో 20 గజాలు కావాల్సి వచ్చినప్పుడు గ్రీన్ బే ఆటగాడు జేరెడ్ కుక్‌కు అంత పొడవాటి పాస్ ఎలా వదిలేశారు? ఎడమ గీత దగ్గర కాలివేళ్లు మాత్రమే లోపల ఉంచి పట్టాడు. మూడు సెకన్లు మిగిలాయి. వాళ్ల కిక్కర్ మేసన్ క్రాస్బీ 51 గజాల నుంచి కొట్టాడు, 34-31. అప్పుడు మన క్వార్టర్‌బ్యాక్ మైదానంలోనే లేడు. రాడ్జర్స్ మీదికి పరుగెత్తే మనిషి మనకు లేడని నవంబరు నుంచి మొత్తుకుంటున్నాను. ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక దానికే వాడాలి. రోమో ఎక్కడికి వెళ్తారో, ఆడతారో మానేస్తారో ఆయన ఇష్టం.

ఫ్రిస్కో తండ్రి | 16 జనవరి 2017

మా వాడు నిన్న ఆట అయ్యాక బయటికి వెళ్లి, చలిలోనే గరాజు తలుపుకు బంతి వేస్తూ కూర్చున్నాడు. పదిన్నరకు లోపలికి పిలిచాను.