పిల్లలతో శ్రీకాకుళం వస్తున్నాం: ఊళ్లో వాటాయా, ఊరి బయట విడి ఇల్లా?

కొత్తగా వస్తున్నవాణ్ని

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి మే నెలలో శ్రీకాకుళం వచ్చేస్తున్నాం. నా ఉద్యోగం ఎచ్చెర్లలో. పాపకు ఆరేళ్లు, ఈ జూన్‌లో రెండో తరగతి. బాబుకు రెండున్నర. మా ఆవిడకు ఈ ఊరు పూర్తిగా కొత్త.

రెండు ఇళ్లు చూసి వచ్చాను. ఒకటి ఏడు రోడ్ల కూడలికి నడిచి వెళ్లేంత దూరంలో, పాత మేడ మీద రెండు గదుల వాటా. ఇంకొకటి జాతీయ రహదారి వైపు కొత్త లేఅవుట్లో విడి ఇల్లు. మూడు పడక గదులు, ముందు ఖాళీ స్థలం, కారు పెట్టుకోవడానికి చోటు. అద్దె దాదాపు ఒకటే. ఆఫీసు దగ్గర, పిల్లలు ఆడుకోవడానికి చోటుంది కాబట్టి నా మనసు విడి ఇంటి వైపే ఉంది. మీ అభిప్రాయం చెప్పండి.

రోజూ ప్రయాణికుడు

విడి ఇల్లే తీసుకోండి. నేను పదేళ్లుగా పైడిభీమవరం వెళ్లి వస్తున్నాను. సాయంత్రం ఊళ్లోకి వచ్చేసరికి ఒంట్లో శక్తి ఉండదు, పిల్లలతో మాట్లాడే ఓపిక అసలే ఉండదు. ఇంటికి అరగంట ముందు చేరే తండ్రి పిల్లలకు ఎంతో మేలు.

ఇద్దరు పిల్లల అమ్మ

మీరు రాసినదాంట్లో ఆఫీసు దూరం ఉంది, గదుల లెక్క ఉంది, కారు ఉంది. పొద్దున మీరు వెళ్లిపోయాక మీ ఆవిడకు రోజు ఎలా గడుస్తుందో మాత్రం లేదు. అది కూడా లెక్కలోకి తీసుకోవాలని గట్టిగా చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అలాంటి లేఅవుట్లోనే మేము రెండేళ్లు ఉన్నాం. వందకు పైగా స్థలాలు, పదకొండు ఇళ్లు. మిగిలినదంతా తుప్పలు. ఇల్లు చాలా బాగుండేది, కాదనను. కానీ కూరలు, మందుబిళ్ల, పెద్దదానికి పెన్సిలు, ఏది కావాలన్నా ఆయన బండి మీద తేవలసిందే. స్కూలు వ్యాను లోపలికి వచ్చేది కాదు, రహదారి మలుపు దగ్గరే ఆగేది. మధ్యాహ్నం పెద్దది వచ్చే వేళకే చిన్నవాడికి నిద్ర పట్టేది. నిద్రపోతున్నవాణ్ని భుజాన వేసుకుని ఎండలో ఆ మలుపు దాకా రోజూ నడిచాను. ఇంట్లో వదిలి వెళ్దామంటే చూసేవాళ్లెవరు?

ఒక రాత్రి చిన్నవాడికి జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చింది. మా ఆయన రాత్రి డ్యూటీలో ఉన్నారు. 108కి ఫోన్ చేశాను. వాళ్లు వెంటనే బయలుదేరారు, కానీ మా లేఅవుట్లో ఇంటి నంబర్లు లేవు, వీధి పేర్లు లేవు, వీధి దీపాలు సగం వెలగవు. వాళ్ల తప్పేమీ లేదు, "ఎక్కడమ్మా, ఎటు తిరగాలి" అని అడుగుతూనే ఉన్నారు. చివరికి పిల్లవాణ్ని ఎత్తుకుని రహదారి మీదికి పరుగెత్తాను. వాడు బాగానే ఉన్నాడు. చిన్న పిల్లల్లో జ్వరంతో వచ్చే ఇలాంటి ఫిట్స్ చాలావరకు ప్రమాదం లేకుండా తగ్గిపోతాయని డాక్టరు తర్వాత చెప్పారు. ఆ రాత్రి నాకు ఆ సంగతి తెలియదు.

ఆ రాత్రి తర్వాత మూడు నెలల్లో ఊళ్లోకి మారిపోయాం. ఇప్పుడున్నది బలగలో మేడ మీద రెండు గదులు. ప్రభుత్వ పెద్దాసుపత్రి దగ్గరలోనే ఉంది. పక్క వాటాలో ఒక పెద్దావిడ ఉంటారు, పాపను స్కూలు నుంచి తెచ్చుకునేదాకా బాబును ఆవిడ దగ్గర వదిలి వెళ్తాను. ఇల్లు ఇరుకే, నేను మాత్రం ఊపిరి పీల్చుకుంటున్నాను.

బండి సంగతి కూడా చెప్పాలి. ఊరి బయట ఉంటే పిల్లలిద్దరినీ స్కూటరు మీద తిప్పక తప్పదు. నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ ఉండాలి, నడిపేవారికి కట్టి ఉంచే పట్టీ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు అని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. లారీలు దూసుకుపోయే ఆ రహదారి మీద ఆ వేగంతో, వెనక ఒకరు, ముందు ఒకరుగా పిల్లలతో వెళ్లడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి.

చాపురం వాసి

అమ్మా, మీరు పడిన కష్టం చదివి మనసు కలుక్కుమంది. అయినా ఒక మాట చెప్పాలి. ఊరి బయట అన్న ఇళ్లన్నీ ఒకలాంటివి కావు. చాపురం, పాత్రునివలస ఊరికి అంటుకుని పెరిగినవి. ఇక్కడ దుకాణాలున్నాయి, ఆటోలు తిరుగుతాయి, ఇంటి పక్కన ఇల్లుంది. మీరు చెప్పిన తుప్పల లేఅవుట్ వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

ఊరి మధ్యలో ఉన్న కష్టాలు కూడా చెప్పుకోవాలి కదా. పాత వీధుల్లో మూత లేని కాలువలు, సాయంత్రమైతే దోమలు. మేడ మీద వాటా అంటే పిట్టగోడ ఎత్తు, మెట్లకు గేటు ఉందో లేదో చూడాలి. రెండున్నరేళ్ల పిల్లవాడు కదులుతూనే ఉంటాడు. మా పిల్లలు రోజూ సాయంత్రం మట్టిలో ఆడతారు, సైకిల్ తొక్కుతారు. మా అన్నయ్య పిల్లలు ఊళ్లో ఉంటారు, వాళ్లకు ఫోనే దిక్కు. పిల్లలకు చోటు కావాలని తండ్రి కోరుకోవడం తప్పెలా అవుతుంది?

నాగావళి గట్టు

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ని. మీరంతా దూరం గురించి మాట్లాడుతున్నారు. నేను నీటి గురించి చెబుతాను.

నాగావళి పుట్టింది ఒడిశా కొండల్లో. ఇక్కడ ఎండ కాస్తున్నా అక్కడ వాన పడితే నదికి నీరొస్తుంది. తోటపల్లి, మడ్డువలస జలాశయాల గేట్లు ఎత్తారని వార్త వస్తే ఒడ్డున ఉన్నవాళ్లు రాత్రంతా మేలుకొని ఉంటారు. ఊళ్లో ఇల్లు తీసుకుంటే, వరదప్పుడు నీరు ఎక్కడిదాకా వచ్చిందని యజమానిని కాకుండా ఎదురింటివాళ్లను అడగండి.

కొత్త లేఅవుట్లలో సంగతి వేరు. చాలావరకు అవి వరి పొలాలు. కంకర పోసి స్థలం ఎత్తు చేస్తారు కాబట్టి ఇల్లు మునగదు, దారి మునుగుతుంది. ఆ నేల ఇదివరకు పల్లమా, మెట్టా అని దగ్గరి పల్లెలో రైతును అడిగితే ఒక్క మాటలో చెబుతాడు.

తుపానును కూడా లెక్కలో పెట్టుకోండి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. రెండుసార్లూ జిల్లాలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే బోరు మోటారు తిరగదు. మా వీధిలో ఒక పాత ఇంటి నుయ్యే మాకందరికీ నీళ్లిచ్చింది. పసిపిల్లలున్న ఇంటికి నీళ్లు లేకుండా రెండు రోజులు గడవడం ఎంత కష్టమో ఆ వారంలో చూశాను. ఇల్లు ఎక్కడ తీసుకున్నా, ఆ చుట్టుపక్కల నుయ్యి గానీ చేతిపంపు గానీ ఉందో లేదో తెలుసుకోండి.

అరసవల్లి దారి

చిన్న మాట. సూర్యనారాయణస్వామి గుడి ఉన్న మా వైపు కూడా ఇళ్లు చూస్తుంటే ఆదివారాలు, రథసప్తమి గుర్తుంచుకోండి. ఆ రోజుల్లో కారు బయటికి తీయడం కష్టం. మిగతా రోజులు ప్రశాంతంగా ఉంటుంది.

ఇద్దరు పిల్లల అమ్మ

చాపురం వాసి గారూ, పిట్టగోడ మాట నిజం. మా మేడ మెట్లకు మేము చేరాకే సొంత డబ్బుతో చెక్క గేటు పెట్టించుకున్నాం. ఊరికి అంటుకున్న కాలనీల విషయంలో కూడా మీతో ఒప్పుకుంటాను. నేను వద్దంటున్నది ఒంటరి ఇంటిని.

ప్రశ్న అడిగిన అన్నయ్యకు మరో మాట. అద్దె ఒప్పందం ఎలాగూ పదకొండు నెలలకే రాస్తారు. ఇదే అందరి అలవాటు. మొదటి పదకొండు నెలలు ఊళ్లో ఉండండి. మీ ఆవిడకు డాక్టరు, కూరగాయల బజారు, నాలుగు ఇళ్లు పరిచయం కానివ్వండి. ఆ తర్వాత విడి ఇల్లు కావాలనిపిస్తే ఊరు తెలిసిన మనిషిగా ఆవిడే ఎంచుకుంటుంది. స్కూలు మాత్రం ఇప్పుడే జాగ్రత్తగా చూసి చేర్చండి. ఇల్లు మారినా పాప స్కూలు మారకూడదు. హైదరాబాద్ స్కూలు నుంచి టీసీ రావడం ఆలస్యమైతే కంగారు పడకండి, ఆ కారణంతో ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లు చేర్చుకోవడం ఆపకూడదని విద్యాహక్కు చట్టంలో ఉంది.

కొత్తగా వస్తున్నవాణ్ని

రాత్రి ఇదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. 108 దగ్గరికి వచ్చేసరికి ఆమె లేచి వెళ్లి బాబు పక్కన కూర్చుంది. ఇల్లు చూడటానికి తనను వెంట తీసుకురాకపోవడం నా పొరపాటు.

విడి ఇంటికి అడ్వాన్సు ఇవ్వడం ఆపేశాను. వచ్చే బుధవారం ఇద్దరం వస్తున్నాం. ఆదివారం వస్తే స్కూళ్ల వేళ ఆటోలు, దారులు ఎలా ఉంటాయో తెలియదని తనే అంది. మేడ మీద వాటాతో పాటు బలగ, చాపురం వైపు కూడా చూస్తాం. మాస్టారూ, మీరు చెప్పిన నుయ్యి ఏ వీధిలో ఉందో చెప్పగలరా? అక్కడ వాటాలేమైనా ఖాళీగా ఉంటే ముందు అక్కడికే వస్తాం.