మిషిగన్‌లోని హోటన్ కౌంటీ రాగి గనులు: రెండు రోజుల్లో ఏం చూడాలి?

రాగిచెంబు (ప్రశ్న):
సెప్టెంబరు చివరి వారంలో హోటన్ వెళ్తున్నాం. రెండు రోజులు, ఒక కారు, వెంట పిల్లలూ పెద్దవాళ్లూ. క్విన్సీ గని తప్పకుండా చూడమని అందరూ చెబుతున్నారు. అక్కడ ఖనిజం కాకుండా నేరుగా రాగి లోహమే దొరికేదట, నిజమేనా? అంత మంచి రాగి ఉంటే గనులు ఎందుకు మూతపడ్డాయి? సరస్సుల ఒడ్డున కనిపించే ఆ నల్లటి ఇసుక దేనిది? పెద్దవాళ్లను గని లోపలికి తీసుకెళ్లొచ్చా?

ఇంక్లైన్‌బాయి:
నిజమే. దాదాపు 110 కోట్ల ఏళ్ల కిందట ఖండం నడుమ చీలిక పడి, లావా పొర మీద పొరగా పరుచుకుంది. లావాలో బుడగలు మిగిల్చిన ఖాళీల్లోకీ, పొరల మధ్య ఉన్న గులకరాతి పట్టీల్లోకీ లోతు నుంచి వేడినీరు రాగిని తెచ్చి నింపింది. గంధకంతో కలవని రాగి కాబట్టి కాల్చి విడదీసే పని లేదు. కంపెనీలు రాకముందు వేల ఏళ్లుగా అక్కడి ఆదివాసులు దాన్ని కొట్టి పనిముట్లు చేసుకున్నారు. 1841లో డగ్లస్ హోటన్ భూగర్భ నివేదిక వచ్చింది, ఆ మరుసటి ఏడాదే ఒప్పందం పేరుతో ఒజిబ్వే ఆదివాసుల నుంచి ఆ నేల చేతులు మారింది. కౌంటీ పేరు ఆయనదే.

లోహంగా దొరకడం వరమే కానీ దానికీ ఒక చిక్కుంది. టన్నుల బరువున్న రాగి ముద్దకు మందు పెట్టి పేలిస్తే అది పగలదు, మహా అయితే వంగుతుంది. అందుకే చుట్టూ ఉన్న రాయిని పేల్చి ముద్దను కింద పడేసేవారు. తరవాత ఒకరు ఉలి పట్టుకుంటే ఇద్దరు సమ్మెటలతో కొడుతూ సన్నని గాడి తీసేవారు. ఒక్క ముద్దను ముక్కలు చేయడానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పట్టేది. నిలకడైన లాభం మాత్రం ముద్దల్లో కాదు, రాతిలో చిన్న చిన్న పలుకులుగా ఉన్న రాగిలోనే వచ్చింది.

ఇక లోతు సంగతి. సింగరేణి ఇంక్లైన్ తెలిసినవాళ్లకు ఊహించడం తేలికే, కాకపోతే ఇది చాలా నిటారు. క్విన్సీ 2వ నంబరు షాఫ్టు (గనిలోకి దిగే దారి) నేల దగ్గర సుమారు 55 డిగ్రీల వాలుతో దిగుతుంది. వాలు వెంట 9,260 అడుగులు, అంటే నిట్టనిలువుగా చూసినా మైలు దాటిపోతుంది. అడుగుకు వెళ్లేకొద్దీ వేడి పెరిగింది, రాతిలో రాగి తగ్గింది, పైకి లాగే ఖర్చు పెరిగింది. అదే సమయంలో పశ్చిమ రాష్ట్రాల ఓపెన్‌కాస్ట్ గనులు చవక రాగితో మార్కెట్‌ను నింపాయి. క్విన్సీ 1931లో ఆగింది, 1937లో మళ్లీ తెరిచారు, యుద్ధం ముగిసిన 1945లో మూసేశారు. ఇక్కడి మరో పెద్ద గని కంపెనీ కాల్యుమెట్ అండ్ హెక్లా 1968 సమ్మెతో ఆగిపోయింది. 1910లో 88,098 మంది ఉన్న కౌంటీలో 2020 నాటికి 37,361 మందే మిగిలారు.

సుపీరియర్‌తీరం:
ఆ ఇసుకను స్టాంప్ శాండ్ అంటారు. ఆవిరి రోకళ్లతో రాతిని దంచి, ఆ పొడిని నీటితో జాడిస్తే బరువైన రాగి అడుగున నిలుస్తుంది, మిగతాది కొట్టుకుపోతుంది. దీనికి నీళ్లు విపరీతంగా కావాలి, అందుకే మిల్లులన్నీ సరస్సుల ఒడ్డునే కట్టారు. వ్యర్థం పారబోయడానికీ అదే చోటు అనుకూలం. ఒక్క టార్చ్ లేక్‌లోనే దాదాపు 20 కోట్ల టన్నులు పోశారు. సరస్సు అసలు పరిమాణంలో కనీసం ఐదో వంతు పూడిపోయింది. 1986లో దాన్ని సూపర్‌ఫండ్ జాబితాలో (కలుషితమై శుభ్రం చేయాల్సిన చోట్ల ప్రభుత్వ జాబితా) చేర్చారు, తరవాత ఒడ్డు మేటల మీద మట్టి పరిచి గడ్డి పెంచారు.

తొలి మిల్లుల్లో సన్నని రాగి చాలా జారిపోయేది. 20వ శతాబ్దంలో ఆ ఇసుకనే డ్రెడ్జర్లతో (నీటి అడుగు నుంచి ఇసుక తోడే పడవలు) తోడి, అమోనియాతో కరిగించి మళ్లీ రాగి తీశారు. 1967లో మునిగిన క్విన్సీ డ్రెడ్జర్ ఎం-26 రోడ్డు పక్కన, మేసన్ దగ్గర, ఇప్పటికీ సగం నీళ్లలో కనిపిస్తుంది.

పక్కనే ఉన్న కీవినా కౌంటీలో సమస్య ఇంకా నడుస్తోంది. గే అనే ఊరి దగ్గర పోసిన 2 కోట్ల టన్నులకు పైగా ఇసుకను అలలు నైరుతి దిశగా నెట్టుకుపోతున్నాయి. దారిలో బఫలో రీఫ్ అనే నీటి అడుగు రాతి దిబ్బ ఉంది. లేక్ ట్రౌట్, వైట్‌ఫిష్ చేపలు అక్కడి రాళ్ల సందుల్లో గుడ్లు పెడతాయి. ఇసుక ఆ సందులను పూడ్చేస్తుంది, అందులోని రాగి గుడ్లకూ చేపపిల్లలకూ విషం. క్విన్సీలో హాయిస్టు (గనిలోంచి రాయిని పైకి లాగే యంత్రం) చూసి ముచ్చటపడి తిరిగొచ్చేవాళ్లు ఒక గంట ఈ ఒడ్డున కూడా నిలబడాలని నా గట్టి అభిప్రాయం.

ఇంక్లైన్‌బాయి:
ఇక ప్రయాణం. మొదటి రోజు పొద్దున్నే క్విన్సీ. హోటన్ నుంచి లిఫ్ట్ బ్రిడ్జి (1959) దాటి హాంకాక్ గుట్ట ఎక్కాలి. రెండు ఊళ్ల మధ్య ఉన్న కాలువ మీద వేరే రోడ్డు వంతెన లేదు. పెద్ద పడవ వస్తే నడిమి భాగం పైకి లేస్తుంది, కాబట్టి టూరు సమయానికి కాస్త ముందే బయల్దేరండి. 1920 నాటి నార్డ్‌బర్గ్ ఆవిరి హాయిస్టు అక్కడ ఉంది: 30 అడుగుల వ్యాసం ఉన్న డ్రమ్ము, ఒక్క విడతకు 10 టన్నుల రాయి, గంటకు 36 మైళ్ల వేగం. పళ్ల పట్టాల ట్రాములో గుట్ట దిగి, అడ్డ సొరంగంలోంచి 7వ లెవెల్‌కు తీసుకెళ్తారు. దాని కింది లెవెళ్లన్నీ నీళ్లలో ఉన్నాయి. లోపల ఏ కాలంలోనైనా సుమారు 6 డిగ్రీల సెల్సియస్, నేల తడి. పిల్లలకు స్వెటర్, అందరికీ జారని బూట్లు ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు పైన హాయిస్టు ఇల్లు చూసే టికెట్ చాలు.

రెండో రోజు టార్చ్ లేక్, గే, అక్కడి నుంచి తీరం వెంట కాపర్ హార్బర్. ఆ దారిలో ఫోన్ సిగ్నల్ నమ్మకం కాదు, మ్యాప్ ముందే దించుకోండి. పాస్టీ తినండి. కార్న్‌వాల్ గని కార్మికులు తెచ్చిన వంట, కజ్జికాయలా మడిచి అంచు మెలిపెట్టి కాలుస్తారు. లోపల మామూలుగా గొడ్డు మాంసం ఉంటుంది, తినని వాళ్లు కూరగాయలది అడగాలి.

ఎర్రజాకెట్టు:
కాల్యుమెట్ ఊరిని వదిలేశారు. మొదటి రోజు మధ్యాహ్నం అక్కడికే వెళ్లండి. అక్కడి గనుల్లో ఇద్దరు నడిపే డ్రిల్లు స్థానంలో ఒక్కరు నడిపేది తెచ్చారు. పక్కన తోడు లేకుండా పని చేస్తుంటే, కప్పు కూలినప్పుడు అరుపు వినేవాడే ఉండడు. జీతాలు, పని గంటలతో పాటు 1913 జులై సమ్మెకు ఇది పెద్ద కారణం. డిసెంబరు 24న ఇటాలియన్ హాల్ మేడ మీద సమ్మె కార్మికుల పిల్లలకు క్రిస్మస్ వేడుక జరుగుతుండగా ఎవరో 'మంటలు' అని అరిచారు. మంటలు లేవు. మెట్ల మీద తొక్కిసలాటలో 73 మంది చనిపోయారు, అందులో 59 మంది పిల్లలు. తలుపులు లోపలికి తెరుచుకోవడమే కారణమని చాలాచోట్ల చదువుతారు, దాని మీద చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. భవనాన్ని 1984లో కూల్చేశారు. గుమ్మం కమాను ఒక్కటి నిలిపారు.

రాగిచెంబు:
కాల్యుమెట్ చేర్చుకున్నాం. డిసెంబరులో వెళ్తే?

సుపీరియర్‌తీరం:
గని టూర్ల కోసమైతే వద్దు. వాయవ్యం నుంచి వచ్చే చలిగాలి, ఇంకా గడ్డకట్టని సుపీరియర్ సరస్సు మీద తేమ ఎత్తుకుని నేరుగా ఈ గుట్టల మీద మంచుగా దింపుతుంది. 1978–79 శీతకాలంలో కీవినా కౌంటీలో 390.4 అంగుళాలు కురిసింది, యూఎస్-41 రోడ్డు పక్కన ఆ ఎత్తు చూపే స్తంభం ఉంది. బ్రాక్‌వే కొండ దారిలో శీతకాలం మంచు తియ్యరు. మీరు అనుకున్న సెప్టెంబరు చివరే మేలు, ఆకులు రంగు మారుతుంటాయి.