ఇద్దరికీ 150 పాయింట్లే, అయినా ఒకరి టర్న్ వృథా అవుతోంది: ఏం చేయాలి?

వానాకాలం_జీఎం
మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ అనే సూపర్‌హీరో రోల్‌ప్లేయింగ్ గేమ్ మూడో ఎడిషన్‌ని జీఎంగా (గేమ్ మాస్టర్, అంటే కథనీ విలన్లనీ చూసుకునే మనిషి) నడుపుతున్నాను. నలుగురు ఆడుతున్నారు. పవర్ లెవెల్ (హీరోల బలం స్థాయి) 10, అంటే హీరోని తయారుచేసుకోవడానికి తలా 150 పాయింట్లు. ఒకతని హీరో ఎగురుతాడు, లారీని ఎత్తి విసురుతాడు. ఇంకొకావిడ క్యారెక్టర్‌కి అతీత శక్తులేవీ లేవు, కర్రసాము నేర్చిన మాజీ పోలీసు. పోయిన ఆదివారం బ్యాంకు ముందు ఫైట్ పెట్టాను. విలన్ ఒళ్లంతా రాయి, టఫ్‌నెస్ (దెబ్బని తట్టుకునే బలం) 12. ఆవిడ మూడు టర్నులు కొట్టింది. మూడుసార్లూ తగిలింది. మూడుసార్లూ నేను డైస్ వేసి "వాడికేం కాలేదు" అని చెప్పాల్సి వచ్చింది. నాలుగో టర్న్ రాగానే తన డైస్ పక్కనున్న అతని వైపు జరిపి "నాది కూడా నువ్వే ఆడెయ్" అంది. మామూలుగానే అంది కానీ నాకు ఆ మాట ఇంకా తొలుస్తోంది. పాయింట్లు సమానంగానే ఇచ్చాను కదా, ఎక్కడ తేడా కొట్టింది?

డీ20_పిచ్చి
ఇద్దరి అటాక్ (దెబ్బ తగిలించే నేర్పు), డ్యామేజ్ (దెబ్బ బలం) అంకెలు చెప్పండి.

వానాకాలం_జీఎం
అతనిది అటాక్ 8, డ్యామేజ్ 12. ఆవిడది అటాక్ 10, డ్యామేజ్ 5. మిగతా పాయింట్లన్నీ దర్యాప్తు, మాటు వేయడం, మనిషిని చూసి అబద్ధం పట్టేయడం లాంటి స్కిల్స్‌లో పెట్టింది.

డీ20_పిచ్చి
దొరికింది. ఈ గేమ్‌లో బ్యాలెన్స్ పాయింట్లలో లేదండీ, పరిమితిలో ఉంది. అటాక్, డ్యామేజ్ కలిపితే పవర్ లెవెల్‌కి రెట్టింపు దాటకూడదు, అంటే మీ టేబుల్‌లో 20. అతను సరిగ్గా 20 దగ్గర ఉన్నాడు, ఆవిడ 15 దగ్గరే ఆగిపోయింది. దెబ్బ తగిలాక విలన్ ఇరవై ముఖాల డైస్ వేసి టఫ్‌నెస్ కలిపితే, 15కి డ్యామేజ్ కలిపినంత రావాలి. ఆవిడ కొడితే 20, వాడి టఫ్‌నెస్ 12 కాబట్టి డైస్ మీద 8 పడితే చాలు. అంటే 20లో 13 సార్లు వాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అతను కొడితే 27 రావాలి, అంటే డైస్ మీద 15 పడాలి. 20లో 14 సార్లు వాడికి దెబ్బే. ఆవిడ మూడుసార్లూ ఖాళీగా పోవడంలో వింతేమీ లేదు.

రీబిల్డ్ చేయనివ్వండి. డ్యామేజ్ ర్యాంకుకి ఒక పాయింటే. ఐదు పాయింట్లు స్కిల్స్ నుంచి తీస్తే 10కి 10 అవుతుంది. మామూలు మనిషి కర్రకి అంత దెబ్బేమిటని మొహమాటపడొద్దు. ఆవిడకి మర్మస్థానాలు తెలుసు, రాయి ఎక్కడ పగులుతుందో చూసి అక్కడే కొడుతుంది. అంకె ఒకటే, కథ వేరు.

సముద్రం_పక్కన
అంకెల వరకు పై ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ అంకెలు సరిచేస్తే సమస్య పోతుందంటే నేను ఒప్పుకోను. మేం రెండేళ్లు ఛాంపియన్స్ అనే సూపర్‌హీరో గేమ్ ఆడాం, ఒక్కో పాయింటూ లెక్కపెట్టి. అయినా ఎవరో ఒకరు ఊరికే కూర్చునేవాళ్లు. మాస్క్స్ అనే ఇంకో సూపర్‌హీరో గేమ్‌కి మారాక అది పోయింది. అందులో బలానికి అంకే లేదు. గోడలు పగలగొట్టే బుల్ రకం హీరో అయినా, చెప్పుకోదగ్గ శక్తి ఏదీ లేని బీకన్ రకం అయినా శత్రువుకి ఎదురెళ్తే వేసేది రెండు ఆరు ముఖాల డైస్, కలిపేది డేంజర్ లేబుల్ అంకె (తను ఎంత ప్రమాదకారినని హీరో అనుకుంటాడో చెప్పేది). దెబ్బ తింటే హిట్ పాయింట్లు పోవు, భయమో కోపమో అపరాధభావమో వస్తుంది. కొండని పిండి చేసేవాడైనా నిస్పృహలో పడితే పడిందే. మా బుల్‌ని ఎక్కువసార్లు నిలబెట్టింది మా బీకనే.

నల్లపాచిక
నేను ఆ రెండో కుర్చీలో కూర్చున్న మనిషిని, అందుకే రాస్తున్నాను. మా గ్రూపులో ఇద్దరు దేవతల స్థాయి, నేను జర్నలిస్టు. జీఎం మంచివాడు, నా కోసం ప్రతి సెషన్‌లో ఒక తాళమో కంప్యూటరో పెట్టేవాడు. మిగతావాళ్లు ఫైట్ చేస్తుంటే నేను పక్క గదిలో తాళం తీసేదాన్ని. అది నాకు పని కల్పించడమే తప్ప ఆట కాదని అప్పుడు చెప్పలేకపోయాను. మనసుకి బాగా పట్టింది ఒక్క సీనే: విలన్ తమ్ముడు పేపర్‌కి ఇంటర్వ్యూ ఇస్తానని నాకు ఫోన్ చేశాడు. దేవతలిద్దరూ కిటికీ బయట ఎదురుచూస్తున్నారు, వాళ్లు లోపలికొస్తే వాడు నోరు విప్పడు. ఆ ఇరవై నిమిషాలు కథంతా నా చేతుల్లో ఉంది. దయచేసి ఆవిడ ఆ స్కిల్స్ ఎందుకు తీసుకుందో అడగండి. పాయింట్లు అక్కడ పెట్టిందంటే అలాంటి సీన్లు కావాలని మీకు చెప్పినట్టే.

పాత_టేబుల్
ఇది పాత చిక్కే. బఫీ టీవీ సీరియల్ మీద 2002లో వచ్చిన రోల్‌ప్లేయింగ్ గేమ్ బలం సమానం చేయడం అనే మాటే ఎత్తలేదు. శక్తిమంతులైన హీరోలకి 10 డ్రామా పాయింట్లు, మామూలు స్నేహితులకి 20. బలహీనులకి కథని తిప్పే అవకాశం రెట్టింపు. దానికి చాలా ముందే ఆర్స్ మాజికా అనే గేమ్‌లో మాంత్రికులు, అనుచరులు పక్కపక్కనే ఉండేవాళ్లు. ఒక్కో ఆటగాడికీ ఒకరికి మించి క్యారెక్టర్లు, వంతులవారీగా ఆడేవాళ్లు. మీ గేమ్‌లో హీరో పాయింట్లు (రోల్ సరిగా పడనప్పుడు ఆదుకునేవి) ఉన్నాయిగా, ఆవిడ కాంప్లికేషన్లని (హీరో బతుకులోని చిక్కుల్ని) గట్టిగా వాడండి. మాజీ పోలీసు అన్నారు. పాత కేసు ఒక్కటి తలుపు తట్టినా ఒక హీరో పాయింట్ వచ్చినట్టే.

వానాకాలం_జీఎం
అందరికీ ధన్యవాదాలు. నిన్న సెషన్ అయింది. ముందు ఆవిడకి ఫోన్ చేసి అడిగాను. "నాకు గెలవాలని లేదు, ఎవరు చేయించారో కనిపెట్టాలని ఉంది" అంది. డ్యామేజ్ 10కి పెంచాం, దర్యాప్తు మాత్రం ముట్టుకోలేదు.

ఫ్లైఓవర్ మీద అదే రాతి మనిషి. స్తంభం పగిలింది, పైన బస్సులు. ఎగిరే అతను కింద భుజం పెట్టి నాలుగు టర్నులు కదలకుండా మోశాడు. ప్రతి టర్న్ డైస్ వేస్తుంటే టేబులంతా లేచి నిలబడింది. ఆవిడ ఒంటరిగా రాతి మనిషిని ఎదుర్కొంది. రెండో దెబ్బకి వాడు తూలాడు. కొట్టడం ఆపి, కర్ర గొంతు మీద ఆనించి, "బ్యాంకులో నువ్వు డబ్బు తీసుకోలేదు, ఒక్క లాకరే తెరిచావు. ఎవరిది అది?" అని అడిగింది. ఆ లాకర్ సంగతి మూడు సెషన్ల కింద నేను అన్న ఒకే ఒక్క వాక్యం. గుర్తుపెట్టుకుంది.

ఇప్పుడు కొత్త ప్రశ్న. మా నాలుగో క్యారెక్టర్ మనసుల్ని అదుపులోకి తీసుకుంటుంది. రాతి మనిషి జవాబు చెప్పేలోపే ఒక్క రోల్‌తో వాణ్ని లొంగదీసేసింది. ఆవిడ సీన్ అక్కడే ఆగిపోయింది.

డీ20_పిచ్చి
వాడికి ఫోర్టిట్యూడ్ (ఒంటి ఓర్పు), విల్ (మనసు మీద దాడిని తట్టుకునే బలం) ఎంతెంత ఇచ్చారు?

వానాకాలం_జీఎం
ఫోర్టిట్యూడ్ 12, విల్ 4.

డీ20_పిచ్చి
ఆ రెండూ కలిపి కూడా 20 దాకా వెళ్లొచ్చు. మీరు 16 దగ్గర ఆపేశారు. వచ్చేసారికి విల్ 8 చేయండి.