అమ్మ పట్టుకున్న ఉద్యోగ రొట్టెను నేను వదలవచ్చా?

అందరికీ నమస్కారం. రెండేళ్ల కిందట మొహర్రం నెలలో అమ్మ నెల్లూరు బారాషహీద్ దర్గాకు వెళ్లి, రొట్టెల పండుగలో నా కోసం స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె పట్టుకుంది. అంటే ఉద్యోగం రావాలని మొక్కుకుని, అదే కోరిక తీరినవారి చేతి నుంచి రొట్టె తీసుకోవడం; కోరిక తీరాక మళ్లీ అక్కడికి వెళ్లి వేరొకరికి రొట్టె ఇవ్వడమే 'వదలడం'. మోకాలి లోతు నీళ్లలో, తల మీద కొంగు కప్పుకుని నిలబడింది. రొట్టె ఇచ్చిన ముస్లిం అక్క, "మా అబ్బాయికి వచ్చింది, మీ బిడ్డకూ వస్తుంది" అన్నదట. ఆ మాట అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! నాకు ఉద్యోగం వచ్చింది. మొక్కు తీర్చకముందే, గత మాఘంలో అమ్మ వెళ్లిపోయింది.

ఏటి సూతకంలో మొక్కులు తీర్చకూడదని మా పెద్దమ్మ అంటోంది. ఆమె మాట కాదనలేను. కానీ అమ్మ బాకీ ఉంచి పోయిందన్న బాధ నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఆమె బదులు నేను వదలవచ్చా? ఈ సంవత్సరమే వెళ్లాలా, సంవత్సరీకం అయ్యేదాకా ఆగితే తప్పా? దర్గా సంప్రదాయం తెలిసిన ముస్లిం పెద్దలు, ఇలాంటి పరిస్థితిలో మొక్కు తీర్చినవారు దయచేసి చెప్పండి. రొట్టెలు ఇంట్లోనే చేసుకుని వెళ్లాలని ఉంది. ఒక రొట్టె పట్టుకుంటే ఎన్ని వదలాలి? అమ్మను అడగనే లేదు.