టెక్సాస్‌లో గన్ లైసెన్స్ ఉన్నవాళ్ల నేరాల రేటు ఎవరితో పోల్చాలి?

నమస్కారం అండి. మేం డాలస్ దగ్గర ఉంటాం. సిటిజన్‌షిప్ వచ్చిన మా బావగారు హ్యాండ్‌గన్ లైసెన్స్ తీసుకుంటానని పట్టుబట్టారు, అక్కకేమో టెన్షన్. "లైసెన్స్ ఉన్నవాళ్లు మామూలు జనం కంటే తక్కువ నేరాలు చేస్తారు, ప్రభుత్వ లెక్కలే చూడు" అంటారాయన.

నిజమే, టెక్సాస్ పబ్లిక్ సేఫ్టీ డిపార్ట్‌మెంట్ ఇచ్చే పట్టికలో ఏ నేరానికి ఎందరికి శిక్ష పడింది, వాళ్లలో లైసెన్సుదారులెందరు అని ఉంటుంది. వాళ్ల వాటా చాలా తక్కువే. కానీ పెద్ద నేరచరిత్ర ఉంటే అసలు లైసెన్సే ఇవ్వరు కదా! వేలిముద్రలు, క్లాసు, షూటింగ్ పరీక్ష కూడా ఉంటాయి. అలా వడపోసినవాళ్లను, జైలుకెళ్లొచ్చినవాళ్లూ కలిసిన మొత్తం జనంతో పోలిస్తే ఎలా? పాసైనవాళ్ల మార్కులే తీసి స్కూలంతా ఇంతే అన్నట్టుంది. పైగా 2021 సెప్టెంబర్ 1 నుంచి ఇక్కడ టెక్సాస్‌లో చాలామంది లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకు తిరగొచ్చు. వాళ్లంతా 'మామూలు జనం' లెక్కలోకే వస్తారు.

అదే వయసు, నేరచరిత్ర లేనివాళ్లతో పోల్చిన లెక్క ఎక్కడైనా దొరుకుతుందా? అరెస్టులు చూడాలా, శిక్షలు చూడాలా? గణాంకాలు తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఆదివారం భోజనానికి వాళ్లింటికే వెళ్లాలి.