మైమరువా, మైమరపా? (కవచానికి పాత తెలుగు మాట)

పాతకాగితం: బడిలో మా తెలుగు మాస్టారు రాగం తీసి చదివిన ఒక పద్యం వారం నుంచి బుర్ర తినేస్తోంది. యుద్ధానికి బయల్దేరే వీరుడు మైమరువు తొడుక్కుంటాడు. గుర్తున్నది ఆ ఒక్క మాట, నడక ఉత్పలమాలది అని ఒక అనుమానం, అంతే. వెతుకుతుంటే ఒక పాత స్కాన్‌లో అలాంటి చోటే "మైమరపు" అని కనిపించింది. అచ్చుతప్పా, లేక అదీ ఒక రూపమేనా? పద్యం ఎవరిదో ఎవరికైనా తడితే చెప్పండి.

బండిర: ముందు ఆ ర సరిచేయండి. మైమఱువు. శకటరేఫం, అంటే బండి ఱ. మఱుగు, మఱువు ఒక్క తల్లి బిడ్డలు. ఒంటిని మఱుగు చేసేది కాబట్టి మైమఱువు. మామూలు ర వేస్తే కుండీలో మరువం మొక్క గుర్తొస్తుంది నాకు.

చెన్నపట్నం: బండిర గారికి ఇక్కడ అరవం సాయం కూడా ఉంది. కవచాన్ని సంగం కాలపు తమిళంలో మెయ్మ్మఱై అన్నారు. చేరరాజుల మీద పాడిన పాత పద్యాల సంపుటి పదిఱ్ఱుప్పత్తులో చేరరాజుని "సాన్ఱోర్ మెయ్మ్మఱై" అని పిలుస్తారు, అంటే తన వీరులకి తనే కవచమై ముందు నిలిచేవాడు అని. మెయ్ మనకి మై అయింది, మఱై అంటే దాచడం. ఱ విషయంలో ఇంక వాదన ఉండకూడదు.

ఛందోబందీ: ఎందుకుండదు? మరపు కూడా పాత తెలుగులో మఱపే కదండీ, మఱచు, మఱపు, అన్నిటికీ బండి ఱ యే. ఒళ్ళు మరిచిపోవడమూ మైమఱపే. కాబట్టి ఱ పెట్టినంత మాత్రాన అడిగినాయన సందేహం తీరదు. తేడా అంతా చివరి పు, వు దగ్గరే ఉంది. పోనీ ఛందస్సు తేలుస్తుందా అంటే అదీ లేదు, రెండూ ఒక గురువు, మూడు లఘువులు, ఒకే తూకం. ఉత్పలమాలలో ఆరో అక్షరం నుంచి తొమ్మిదో అక్షరం దాకా ఈ మాట కొలిచినట్టు కూర్చుంటుంది, వెంటనే పదో అక్షరం యతి. చంపకమాలలో అయితే ఏడు నుంచి పది. మాస్టారి రాగం యతి ముందు ఆగడం వల్లే ఈ ఒక్క మాట మీకు మిగిలిందని నా అనుమానం.

బండిర: ప్రాసలో చూస్తే తేలిపోతుంది. పూర్వకవులు ర, ఱ కలపరు.

ఛందోబందీ: పాదం మైమఱువుతో మొదలైతే ప్రాసాక్షరం "మ" అవుతుంది మాస్టారూ. మీ ఱ పాపం మూడో అక్షరం, దాన్ని ప్రాస ఎందుకు పట్టించుకుంటుంది? పాదం ఉత్త "మఱువు"తో మొదలయ్యే పద్యం ఒకటి పట్టుకురండి, ఒప్పుకుంటాను.

ఉక్కుపిడుగు: మీరంతా మైమరువు దగ్గరే ఆగిపోయారు, అసలు సిసలు వాడుక మాట జోడు. జోడు తొడగడం అంటే కవచం తొడగడమే, కన్నడంలోనూ జోడు అంటే కవచమే. ఇప్పుడు కాళ్ళకీ కళ్ళకీ మాత్రం మిగిలింది. నా సిద్ధాంతం ఏంటంటే, ఎదకి ఒక రేకు, వీపుకి ఒక రేకు, రెండు కలిసి జత, అందుకే జోడు.

చెన్నపట్నం: వినడానికి బాగుంది గానీ, మరి గొలుసు కవచం సంగతి? పారశీకులు జిరహ్ అన్నది (జీలకర్ర కాదు బాబూ) చొక్కాలా తల మీంచి తొడుక్కునే ఒకే ముక్క. ఒక్కో ఇనప వలయంలోంచి ఇంకో నాలుగు వలయాలు దూరి ఉంటాయి, మంచి రకం అయితే ప్రతి వలయం కొసలూ కలిపి చిన్న రివెట్ కొడతారు. కత్తి కోతని ఆపుతుంది, గదదెబ్బని ఆపలేదు, అందుకే లోపల దూది కుట్టిన అంగీ ఉండాల్సిందే. దాని పైన రేకులు కట్టే పద్ధతి చార్ ఆయినా, నాలుగు అద్దాలు అని అర్థం, ఎదకి ఒకటి, వీపుకి ఒకటి, చంకల కింద చెరొకటి. మీ లెక్కన దాన్ని రెండు జోళ్ళు అనాలి.

ఉక్కుపిడుగు: అయితే జోడించినది జోడు అనుకుందాం. కృష్ణదేవరాయల కాలంలో విజయనగరం చూసిన పోర్చుగీసు పేయిష్ రాశాడు కదా, రౌతుల అంగీలు గట్టి పచ్చితోలు పొరలు పొరలుగా వేసి కుట్టినవని, వాటికి ఇనపరేకులు అమర్చి ఉన్నాయని, కొందరివి లోపలా బయటా బంగారు పూత అని, శిరస్త్రాణం అంచు మెడ దాకా దిగి ఉండేదని. అది చదివాక నాకు కవచం అంటే సినిమాల్లో మెరిసే ఇత్తడి డొప్ప గుర్తుకు రావడం మానేసింది. పొర మీద పొర జోడించడమే. రుజువు అడక్కండి, ఊహే.

బండిర: ఊహ అని ముందే ఒప్పుకుని మళ్ళీ మాట మార్చడం బాగుంది.

నిజామాబాదీ: కవచం సరే, దాని మీదకి వచ్చే కత్తి గురించి ఎవరూ మాట్లాడరేంటి? మా కోనసముద్రం ఉక్కు ముద్దల కోసం పారశీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవాళ్ళు. డమాస్కస్ కత్తి అని లోకం మురిసిపోయిన నీటిచారల కత్తులకి మూలం దక్షిణాదిలో మూసలో కరిగించి తీసిన ఉక్కే. ఇంగ్లీషువాళ్ళ వూట్జ్ అన్న మాట మన ఉక్కుకి వచ్చిన అవతారం అంటారు, లండన్‌లో పియర్సన్ అనే ఆయన దాని మీద 1795లోనే పేపర్ చదివాడు.

చెన్నపట్నం: ఆ "మన"లో కన్నడిగులకీ వాటా ఉంది, వాళ్ళదీ ఉక్కే. ఇంకొకటి, ఫిరంగి అంటే మనకి గుండు పేల్చేది, మరాఠావాళ్ళకి ఐరోపా అలుగు బిగించిన కత్తి. పరంగులు తెచ్చింది ఏదైతే అదే ఫిరంగి అయి కూర్చుంది.

నెల్లూరాయన: ఇంత సేపూ మా నెల్లూరు వీరుడు ఖడ్గతిక్కన పేరెత్తలేదంటే ఆశ్చర్యంగా ఉంది! పుల్లరి (పశువుల మేత పన్ను) గొడవలో యాదవ నాయకుడు కాటమరాజు మీదకి వెళ్ళి ఓడి వెనక్కొచ్చినప్పుడు భార్య ఆడవాళ్ళకి చేసినట్టు స్నానానికి మంచం చాటు కట్టి, పసుపు ముద్ద పెట్టి అడిగింది చూడండి, "పగఱకు వెన్నిచ్చినచో నగరే నిను మగతనంపు నాయకులందున్". పగఱ అంటే శత్రువులు, అందులోనూ బండి ఱ ఉంది, బండిర గారికి కానుక. అక్కడ కవచం ఊసే లేదు, వీపు ఊసే. ఎంత మైమరువు తొడిగినా వెన్నిచ్చాక దేనికి? తల్లి అయితే ఇంకా ఘోరం, పశువులు విరిగినట్టే పాలూ విరిగాయి అని వడ్డించింది. ఆ ఒక్క "విరుగు"లో ఓటమినీ పాలనీ కలిపిన చాటుకవికి నేను బానిసని. భారతం రాసిన కవి తిక్కన యుద్ధపర్వాలు ఎన్నిసార్లు చదివినా నాకు ఈ రెండు కందాలే ముందు నోట్లోకి వస్తాయి.

పాతకాగితం: చాలా నేర్చుకుంటున్నానండీ, సంతోషం. కానీ పు నా, వు నా? నా స్కాన్‌లో ఉన్నది తప్పు అనుకోవచ్చా?

ఛందోబందీ: మెయ్మ్మఱైని బట్టి నా ఓటు వుకే. కానీ ఒక్క ఓటుతో పాఠం తేలదు, ఇంకో ముద్రణ ఏదైనా పక్కన పెట్టుకుని చూడాలి. స్కాన్ పేజీ పెట్టండి.

నిజామాబాదీ: కర్ణుడికి మాత్రం మైమరువు అన్న మాట అచ్చంగా సరిపోతుంది, ఆయన మైకే మఱుగు పుట్టింది కదా. మిగతావాళ్ళది జోడు. ఇద్దరూ రాజీ పడండి.

బండిర: రాజీ తర్వాత. నెల్లూరాయన గారూ, "నాయకులందున్" కాదు, "నాయకులెందున్". ఎందున్ అంటే ఎక్కడైనా. అందున్ అని చదివితే నగరే అన్న క్రియకి కర్త ఏడండీ? నవ్వేది ఎవరు?

నెల్లూరాయన: మా తాతగారు అందున్ అనే చెప్పారు. నవ్వేది లోకం. కర్తని చెప్పకుండా వదిలేయడమే ఆ ఇల్లాలి దెబ్బ.

బండిర: తాతగారి మీద గౌరవం ఉంచుకునే అడుగుతున్నాను, తర్వాతి పాదంలో "ముగురాడవారమైతిమి" అని లెక్క అంత కచ్చితంగా చెప్పిన ఆవిడ, నవ్వేవాళ్ళెవరో చెప్పకుండా వదులుతుందా?