హోటల్ గదిలో పాపను ఎక్కడ పడుకోబెట్టాలి?

మా పాపకు 20 నెలలు. ఇంట్లో తన గదిలో, తొట్టిమంచంలో రాత్రి 8 గంటలకు పడుకుంటే ఉదయం ఆరున్నర దాకా లేవదు. ప్రయాణాల్లో ముగ్గురం ఒకే గదిలో ఉంటాం. అక్కడ పది దాటినా కన్ను మూయదు. ఒంటిగంట ప్రాంతంలో మెలకువ వస్తే, పక్క మంచం మీద మేము కనబడగానే కమ్మీలు పట్టుకుని లేచి నిలబడి, ఎత్తుకోమని చేతులు చాస్తుంది. ఇక తెల్లవార్లూ జాగారమే.

మా ఇద్దరి మధ్య పడుకోబెట్టాం. అడ్డం తిరుగుతూ అంచుకు దొర్లిపోతోంది. దిండ్లు అడ్డుపెడదామంటే ఊపిరాడదేమోనని భయం. మంచాన్ని గోడకు ఆనిస్తే మధ్యలో చెయ్యి దూరేంత సందు మిగిలింది. నేల మీద పరుపు వేస్తే, చీకట్లో లేచి దీపం తీగ పట్టుకుని లాగుతోంది. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. ఇంటి దుప్పటి, ఫోనులో వాన చప్పుడు నిద్ర పట్టడానికి కొంత సాయపడ్డాయి కానీ, మెలకువ వచ్చాక ఏవీ పనిచేయలేదు.

హోటల్ వాళ్లు తొట్టిమంచం ఇస్తారు. దాని మీద గుడ్డ కప్పమని కొందరు చెప్పారు గానీ, గాలి ఆడదని నేను ఒప్పుకోలేదు. రెండు గదులు తీసుకునే వీలు లేదు.

ఒకే గదిలో, పాపకు మేము కనబడకుండా, గాలి ఆడేలా, తన అలికిడి మాకు వినబడేలా తొట్టిమంచాన్ని ఎక్కడ, ఎలా ఏర్పాటు చేసుకోవాలి?